భూమి కదిలితే ఏది మేలు: సీస్మోమీటరా, యాక్సిలరోమీటరా, జేబులో ఫోనా?

2024 డిసెంబర్‌లో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు వైపు భూమి కంపించి జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. తీవ్రత 3.1. అప్పటి నుంచీ కుర్రాళ్లది ఒకటే మాట: ఫోన్లోనూ యాక్సిలరోమీటరు ఉంటుందిగా, అది పట్టదా?

చీమకుర్తి గ్రానైటు బండ మీద ఫోను పెట్టి, సెన్సరు అంకెలు చూపే యాప్ తెరిచాను. కదలకుండా ఉన్నా 9.8 దగ్గర నిలబడింది. పాడైందనుకోకండి. లోపల సన్నటి స్ప్రింగుల మీద సిలికాన్ ముక్క ఒకటి ఉంటుంది, భూమి దాన్ని లాగుతూనే ఉంటుంది కదా! బండను పిడికిలితో గుద్దితే అంకె ఎగిరింది. రోడ్డు మీద రాళ్ల లారీ పోతే మాత్రం సెన్సరు సొంత రొదలో కలిసిపోయింది. నాలుగూళ్ల అవతల వచ్చే 3.1 గతీ అంతే.

అసలు యాక్సిలరోమీటరు కొలిచేదేమిటంటే, ఒంగోలు నుంచి నెల్లూరు బస్సులో నిలబడి చూడండి. నున్నటి హైవే మీద ఎంత జోరుగా పోయినా ఏమీ కాదు, బ్రేకు పడగానే ముందుకు తూలతాం. ఆ తూలుడే దాని లెక్క. భూకంప కేంద్రాల్లో వాడేదాంట్లో బరువు పక్కకు జరగబోతే కరెంటు దాన్ని ఉన్నచోటే నిలబెడుతుంది. ఎంత కరెంటు పట్టిందో చూసి త్వరణం, అంటే వేగం ఎంత జోరుగా మారిందో, చెబుతారు.

సీస్మోమీటరు నేల వేగాన్ని కొలుస్తుంది. చెవి మహా చురుకు: సముద్రంలో అలల రొద కూడా దాని గీతలో కనబడుతుంది. అందుకే ముండ్లమూరు లాంటి చిన్న ప్రకంపనల కేంద్రం వెతకడానికి నా ఓటు దీనికే. పెద్ద కుదుపు పక్కనే వస్తే మాత్రం గీత తలలు తెగిపోతాయి, అసలు ఎత్తు ఎంతో తెలియదు.

కట్టడాల ఇంజనీరుకు కావాల్సింది ఆ ఎత్తే. గోడ మీద పడే బలం దాని ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే వస్తుంది. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర సుమారు 5.4 తీవ్రతతో కంపించింది. అదే ఏడాది డిసెంబర్‌లో మహారాష్ట్ర కోయినా భూకంపంలో డ్యాంలోని పరికరం గురుత్వంలో 0.63 వంతు దాకా త్వరణాన్ని రాసిపెట్టింది. అలాంటి అంకె సీస్మోమీటరు ఇవ్వలేదు. సోమశిల డ్యాం దగ్గర ఒక్కటే పెట్టమంటే నేను యాక్సిలరోమీటరే పెడతాను. దానికీ ఓ రోగం ఉంది: నేల ఎంత జరిగిందో తేల్చాలంటే రికార్డును రెండుసార్లు సమాకలనం చేయాలి (క్షణక్షణం అంకెలను కూడుకుంటూ పోవాలి), పరికరం వెంట్రుకవాసి వాలినా ఆ తప్పు పెరిగి పెరిగి మీటర్లలో తేలుతుంది.

ఇక ఫోను. ఒక్క ఫోనుకు బల్ల మీంచి పడటానికీ భూకంపానికీ తేడా తెలియడం కష్టం. ఒకే ఊళ్లో వందల ఫోన్లు ఒకేసారి ఉలిక్కిపడితే తెలుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల భూకంప హెచ్చరికలు నడిచేది ఆ లెక్క మీదే.