21 రోజుల ఆన్‌లైన్ ప్రాణాయామం కోర్సు: ఊపిరి వదలడం బాగా నేర్పారు, భస్త్రిక దగ్గర తొందరపడ్డారు

కోర్సు అయిపోయి నెల దాటింది. చివరి రోజే రాసి ఉంటే అన్నీ పొగడ్తలే రాసేదాన్ని, ఎనిమిదో రోజు రాసి ఉంటే అన్నీ తిట్లే వచ్చేవి, అందుకే కొంచెం ఆగి రాస్తున్నాను. వాళ్ళ పేరు చెప్పడం లేదు. ఇలాంటి కోర్సులు ఇప్పుడు చాలా ఉన్నాయి, పద్ధతి కూడా అన్నిచోట్లా ఇంచుమించు ఇదే: పొద్దున్నే 45 నిమిషాల లైవ్ క్లాసు, మర్నాటి వరకు రికార్డింగు, సందేహాలు అడగడానికి ఒక గ్రూపు.

నేను చేరిన కారణం ఒక్కటే. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒంట్లో ఓపిక అనేది ఉండేది కాదు, రాత్రి ఏడు గంటలు పడుకున్నా అంతే. ముందు డాక్టరుకు చూపించుకున్నాను, రక్తహీనత లేదు, థైరాయిడ్ లేదు అని తేలాకే ఇందులో చేరాను. నెలల తరబడి నీరసంగా ఉంటే మీరూ ముందు ఆ పరీక్షలు చేయించుకోండి, ప్రాణాయామం ఎక్కడికీ పోదు.

మొదటి మూడు రోజులు ప్రాణాయామం అన్న మాటే ఎత్తలేదు మా మేడమ్. వెల్లకిలా పడుకోమన్నారు, బొడ్డు మీద ఒక పుస్తకం పెట్టుకోమన్నారు, ఊపిరి తీసుకుంటే ఆ పుస్తకం ఏం చేస్తోందో చూడమన్నారు. నాది కిందికి దిగింది! అంటే పీల్చినప్పుడు పొట్ట లోపలికి లాక్కుంటున్నాను, భుజాలు చెవుల దాకా లేపుతున్నాను. ఇన్నేళ్ళూ ఇలాగే పీల్చానన్నమాట. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం గాలి తీసుకునేటప్పుడు కిందికి దిగాలి, అది దిగితే పొట్ట పైకి రావాలి, అంతే సంగతి. కానీ చదివి తెలుసుకోవడం వేరు, పుస్తకం అంచు మెల్లగా పైకి లేవడం కళ్ళతో చూడటం వేరు. మూడో రోజుకి గానీ నా పుస్తకం సరిగ్గా లేవలేదు.

"పీల్చడం గురించి మర్చిపోండి, పూర్తిగా వదలండి, లోపలికి రావాల్సింది దానంతట అదే వస్తుంది" అని మేడమ్ రోజూ చెప్పేవారు. కోర్సు మొత్తంలో నాకు పనికొచ్చిన మాట ఇదే. మామూలుగా పెద్దవాళ్ళు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలితే అది దాదాపు ఆరుకి వస్తుంది. మణికట్టు దగ్గర నాడి మీద వేలు పెట్టి ఇది చేయించారు ఒక రోజు. వదిలేటప్పుడు నాడి కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, తీసుకునేటప్పుడు మళ్ళీ వేగం అందుకుంటుంది. గుండెను నెమ్మదింపజేసే వేగస్ అనే నరం ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువ పనిచేస్తుందని, అందుకే వదలడం పొడవుగా ఉండాలని అప్పుడు చెప్పారు. కారణం చెప్పే ముందు వేలికి తగిలేలా చూపించడం నాకు చాలా నచ్చింది, మీరూ ఇప్పుడే చేసి చూడొచ్చు.

నాడీశోధన, అంటే ఒక్కో ముక్కుపుటతో మార్చి మార్చి ఊపిరి తీసుకోవడం, దాని దగ్గర కూడా అంతే శ్రద్ధ. చూపుడువేలు, మధ్యవేలు మడిచి, బొటనవేలితో కుడి ముక్కుపుట, ఉంగరపువేలితో ఎడమ ముక్కుపుట మూసే పద్ధతి చాలామందికి తెలుసు. నేను ఎంత గట్టిగా నొక్కుతున్నానంటే ముక్కు మొత్తం పక్కకి వంగిపోతోంది. కెమెరాలో అది చూసి పేరు పెట్టి పిలిచి "అంత బలం వద్దండి, వేలు ఆనిస్తే చాలు" అన్నారు. అప్పటి నుంచి మెడ పట్టేయడం కూడా పోయింది. నాకు ఒక ముక్కుపుట ఎప్పుడూ బిగుసుకుని ఉంటుందని, లోపల ఎముక వంకరేమో అని చాలాకాలంగా అనుమానం. కొన్ని గంటలకొకసారి ఒకవైపు తెరుచుకుని రెండోవైపు కాస్త మూసుకోవడం చాలామందిలో సహజంగా జరిగేదే అని అక్కడే తెలిసింది. రెండు రోజులు గమనిస్తే నిజంగానే అటూ ఇటూ మారుతోంది.

భ్రామరి నాకు రాత్రిపూట పనికొచ్చింది. నోరు మూసుకుని, పళ్ళు మాత్రం కలవకుండా, తుమ్మెదలా 'మ్‌' అంటూ వదలడం. పై పెదవి, ముక్కు దూలం, నుదురు సన్నగా అదురుతాయి. ఇలా ముక్కుతో శబ్దం చేస్తూ వదిలితే, నిశ్శబ్దంగా వదిలిన దానికంటే దాదాపు 15 రెట్లు ఎక్కువ నైట్రిక్ ఆక్సైడ్ (రక్తనాళాలను వదులుచేసే వాయువు) ముక్కులోంచి వస్తుందని 2002లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చూపించారు. నాకు నిద్ర త్వరగా పట్టడానికి అదే కారణమని అనను, వదలడం బాగా పొడవైపోవడమే అసలు కారణం అనుకుంటున్నాను. ఏదైతేనేం, పది సార్లు చేసేలోపే దవడ బిగువు వదులుతుంది.

ఇక తిట్టాల్సిన సంగతి.

రెండో వారం మొదట్లో మేడమ్ బదులు ఇంకొకాయన వచ్చారు. డప్పు చప్పుడు లాంటి మ్యూజిక్ పెట్టి, మొదటి రోజే భస్త్రిక (కొలిమి తిత్తిలా బలంగా, వేగంగా ఊపిరి తీసుకుని వదలడం) మూడు రౌండ్లు, రౌండుకి 60 సార్లు, మధ్యలో కపాలభాతి (పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి వేగంగా బయటికి వదలడం). రెండో రౌండులోనే నా వేళ్ళ చివర్లు చిమచిమలాడాయి, పెదవుల చుట్టూ మొద్దుబారింది, కళ్ళు తిరిగాయి. చాట్‌లో రాశాను. "శక్తి మేలుకుంటోంది, ఆపకండి" అని జవాబు. నేను ఆపేసి పక్కకి పడుకున్నాను, అయిదు నిమిషాల్లో సర్దుకుంది. అది శక్తి మేలుకోవడం కాదు. అవసరానికి మించి వేగంగా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కుంచించుకుంటాయి, తల తిరగడం, తిమ్మిర్లు అందుకే వస్తాయి. ఆపి మామూలుగా ఊపిరి తీసుకోవాలి, అంతే. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళు, గుండె జబ్బు, హెర్నియా, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు ఈ వేగంగా చేసేవాటి జోలికి వెళ్ళకూడదు. చేరేటప్పుడు ఫారంలో పేరు, వయసు, ఫోన్ నంబరు అడిగారు గానీ వీటిలో ఒక్కటీ అడగలేదు. ఆ రోజు గ్రూపులో ఒకావిడ తనకి అయిదో నెల అని, ఇది చేయొచ్చా అని అడిగితే జవాబు మర్నాడు వచ్చింది, అప్పటికి క్లాసు అయిపోయింది. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఆయన ప్రతి క్లాసూ హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం పేరు చెప్పి మొదలుపెట్టేవారు. అందులోనే ఉంది, సింహాన్నీ ఏనుగునీ పులినీ మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్టే ప్రాణవాయువునీ లొంగదీసుకోవాలి, లేదంటే అది సాధకుణ్ణే చంపుతుందని. కపాలభాతిని కూడా ఆ గ్రంథం కుంభకాల్లో (ఊపిరి నిలిపే ప్రాణాయామాల్లో) చెప్పలేదు, శరీరాన్ని శుద్ధి చేసే ఆరు క్రియల్లో ఒకటిగా చెప్పింది. ఆ పుస్తకం మీద అంత గౌరవం ఉన్నప్పుడు మొదటి రోజే 60తో ఎలా మొదలుపెడతారు? భస్త్రిక చెడ్డదని నేననను. రోజుకి పదితో మొదలుపెట్టి, మనిషిని చూస్తూ, మధ్యలో ఆపుతూ నేర్పితే పొద్దున పూట ఒళ్ళు చురుగ్గా ఉంటుందని తర్వాత మేడమ్ దగ్గర చేసినప్పుడు నాకే తెలిసింది.

ఫిర్యాదు రాస్తే రెండు రోజుల్లో నన్ను మేడమ్ సాయంత్రం బ్యాచ్‌కి మార్చారు, అది మెచ్చుకోవాలి. రికార్డింగు ఒక్క రోజే ఉంచడం మాత్రం బాగాలేదు, జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన నాలుగు రోజులూ పోగొట్టుకున్నాను. ఇక గ్రూపులో ఈ శ్వాసతో షుగర్ పోతుంది, క్యాన్సర్ పోతుంది అని ఫార్వర్డ్ మెసేజ్‌లు వస్తుంటే నడిపేవాళ్ళు ఒక్కసారీ ఖండించలేదు. మందులు మానేసేవాళ్ళు ఉంటారండీ, ఇది చిన్న విషయం కాదు.

నీరసం సంగతికొస్తే, మధ్యాహ్నం మూడు గంటల కుంగుబాటు పూర్తిగా పోలేదు. వారంలో ఏడు రోజులూ ఉండేది, ఇప్పుడు రెండు మూడు రోజులే ఉంటోంది. రెండున్నరకి కుర్చీలోనే వెన్ను నిటారుగా పెట్టి పది నిమిషాలు నాలుగు–ఆరు లెక్కతో చేస్తే ఆ రోజు గట్టెక్కుతాను, మానేస్తే మళ్ళీ అదే. పనిలో టెన్షన్ పెరిగినప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నానని నాకు నేనే గుర్తుపట్టడం మాత్రం కొత్త, అది రోజులో పదిసార్లు జరుగుతోంది.

చేరాలనుకునేవాళ్ళు మూడు విషయాలు ముందే అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది, కెమెరాలో ఒక్కొక్కరినీ చూసి సరిదిద్దుతారా, ఆరోగ్య సమస్యలు ముందే రాయించుకుంటారా. మా పొద్దుటి బ్యాచ్‌లో అరవై మంది, సాయంత్రం పద్దెనిమిది మందే, తేడా అంతా అక్కడే ఉంది. మేడమ్ సాయంత్రం బ్యాచ్‌కి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, పొద్దుటి బ్యాచ్‌కి రెండు. వచ్చే నెల మళ్ళీ సాయంత్రానికే పేరు ఇచ్చాను. ఫారం నిన్న మళ్ళీ నింపాను, ఆరోగ్యం గురించిన ప్రశ్న ఇంకా పెట్టలేదు, కింద ఖాళీ ఉన్నచోట నేనే రాసి పంపాను.