అరబీలో "రాయకు": 'లా' సూత్రాన్ని ఏళ్ల తరబడి వాడాక

అరబీలో ఒకరిని వద్దనడానికి వ్యాకరణం చెప్పే సూత్రం ఒక్క ముక్క: ముదారి (వర్తమాన, భవిష్యత్తులు రెంటికీ వాడే క్రియారూపం) తీసుకుని ముందు 'లా' పెట్టు, చివర జజ్మ్ చెయ్యి (అంటే చివరను కుదించు, మామూలుగా చివరి అచ్చు తీసెయ్యి). తక్తుబు అంటే రాస్తావు, లా తక్తుబ్ అంటే రాయకు. ఇన్నేళ్ల వాడకంలో సూత్రం ఎక్కడా మోసం చెయ్యలేదు. ఇబ్బందల్లా పాఠాల్లో దాన్ని సగమే చెప్పి వదిలెయ్యడంతోనే.

మొదటి తప్పు ఆజ్ఞార్థకం దగ్గర. "లిఖో, మత్ లిఖో" అనే ఉర్దూ అలవాటుతో ఉక్తుబ్ (రాయి) ముందు లా తగిలించేస్తారు. అది అరబీ కాదు. నిజానికి ఇక్కడ ఉర్దూ కంటే తెలుగే దగ్గర: "రాయి"ని కదపకుండా దాని ముందు ఏదో పెట్టం, రూపమే మార్చి "రాయకు" అంటాం.

ఆడమనిషితో అనాలంటే తక్తుబీన చివరి నూన్ ('న' అక్షరం) పోయి లా తక్తుబీ. ఇద్దరికి లా తక్తుబా, మగవాళ్ల గుంపుకి లా తక్తుబూ. ఇదే ఊపులో ఆడవాళ్ల బహువచనంలోనూ నూన్ తీసేస్తారు, అక్కడే బోల్తా. ఆ నూన్ "మీరు" అనే కర్త, జజ్మ్ దాన్ని ముట్టదు. లా తక్తుబ్‌న అనే ఉండాలి.

అసలు పరీక్ష మధ్యలో దీర్ఘమున్న క్రియలది. తఖూలు (అంటావు) చివర జజ్మ్ చేస్తే వావ్ (ఊ దీర్ఘాన్ని చూపే అక్షరం), లామ్ ('ల' అక్షరం) రెండూ సుకూన్‌తో, అంటే అచ్చు లేకుండా, పక్కపక్కన పడతాయి. అరబీ దాన్ని ఓర్చుకోదు, వావ్‌ను వదిలేస్తుంది: లా తఖుల్. స్త్రీలింగంలో లామ్‌కు అచ్చు ఉంది గనుక దీర్ఘం నిలుస్తుంది: లా తఖూలీ. ఈ తేడాకు ఖుర్ఆన్‌లో తల్లీకొడుకులే ఉదాహరణ. మూసా తల్లికి "లా తఖాఫీ" (28:7), మూసాకు "లా తఖఫ్" (20:21). రెండూ "భయపడకు" అనే.

చివర దీర్ఘమున్న వాటిలో ఆ దీర్ఘమే పోతుంది: తన్సా నుంచి లా తన్స (మరిచిపోకు), తర్మీ నుంచి లా తర్మి (విసరకు). సోషల్ మీడియాలో అరబ్బులే తన్సా చివరి అక్షరాన్ని అలాగే ఉంచి రాసేస్తుంటారు. చూసి నేర్చుకోకండి. అచ్చు గుర్తులు లేని ముద్రణలో తక్తుబు, తక్తుబ్ ఒకేలా కనిపిస్తాయి. వద్దంటున్నారో, చెయ్యవంటున్నారో సందర్భమే చెప్పాలి. తఖూలు లాంటి వాటిలో మాత్రం వావ్ లేకపోవడమే ఆనవాలు.

జంట హల్లు క్రియలకు లా తముద్ద, లా తమ్‌దుద్ (చాచకు) రెండూ చెల్లుతాయి. తర్వాతి మాట 'అల్'తో మొదలైతే పొల్లుకు 'ఇ' చేర్చాలి: లా తక్తుబిద్-దర్స్.

గల్ఫ్‌లో పనికి వెళ్లేవారికి ఈ సూత్రం సగమే అక్కరకొస్తుంది. అక్కడి వాడుకలో దీర్ఘం కత్తిరించరు. "వెళ్లకు" గ్రంథభాషలో లా తరుహ్ అయితే వీధిలో లా త్రూహ్. ఈజిప్టు వాళ్లయితే లా జోలికే పోకుండా మా తిక్తిబ్‌ష్ అంటారు. ఇక గోడల మీది బోర్డుల్లో ఎక్కువగా కనబడేది "మమ్నూ అత్-తద్ఖీన్" (పొగ తాగడం నిషేధం) తరహా, అందులో క్రియే ఉండదు.