కరెంటు పోతే అన్నీ మర్చిపోయే రాక్ టంబ్లర్: రెండు వర్షాకాలాలు వాడాక

రాళ్లని గరుకు పొడితో, నీళ్లతో డ్రమ్ములో వేసి రోజుల తరబడి తిప్పి మెరుగు పెట్టే ఈ బుల్లి మిషను మా రాజాం లాంటి ఊళ్లో కొనుక్కునేవాళ్లు ముందు అడగాల్సింది ఒకటే. కరెంటు పోయి వస్తే అది దానంతట అదే తిరుగుతుందా, తిరగదా? డ్రమ్ము ఎంత పడుతుంది, స్పీడులు ఎన్ని, పెట్టెలో ఎన్ని రకాల రాళ్లిచ్చారు, ఇవన్నీ తర్వాతి మాట. నా దగ్గరున్నది తిరగదు. తిరగదన్న సంగతి అట్టపెట్టె మీద లేదు, అమ్మినవాళ్లు పెట్టిన వివరాల్లోనూ లేదు.

నాది కిలో పైచిలుకు పట్టే రకం. ముందువైపు చిన్న తెర, మూడు బటన్లు: స్పీడు, రోజులు, స్టార్ట్. ఏడు రోజులని నొక్కితే ఏడు రోజులు తిప్పి ఆగుతుంది. కొత్తలో ఈ టైమరే నాకు తెగ నచ్చింది. విజయనగరంలో ఉండే మా బావకి ఫోన్ చేసి మరీ చెప్పాను, కొంటే టైమరున్నదే కొనమని. ఆయన అంతా విని, స్విచ్ కూడా లేని మోటు రకం ఒకటి తెప్పించుకున్నాడు. ప్లగ్ పెడితే తిరుగుద్ది, పీకితే ఆగుద్ది, అంతే. నేను టైమరుని పొగిడింది జనవరిలో లెండి. జనవరిలో మాకు కరెంటు పోదు.

ఏప్రిల్ నెలాఖరులో దాని అసలు రంగు బయటపడింది. నాగావళి గులకరాళ్లు వేసి, మొదటి దశ గరుకు పొడి పోసి, ఏడు రోజులు నొక్కి, పార్వతీపురంలో పెళ్లికి ఇంటిల్లిపాదీ వెళ్లాం. పెళ్లి, సత్యనారాయణ వ్రతం, చుట్టాల ఇళ్లు అన్నీ అయ్యేసరికి దాదాపు వారం. తిరిగొచ్చి తాళం తీస్తే ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఏడు రోజులు పూర్తయి ఆగిందేమో అనుకుని పెరటి వరండాలోకి వెళ్లి చూస్తే, తెర మీద ఏడు అంకె అలాగే ఉంది, పక్కన స్టార్ట్ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది.

పక్కింటి పిన్నిగారిని అడిగితే నవ్వేసింది. "మీరెళ్లిన రోజు సాయంత్రమే గాలేసింది కదేటి, కరెంటు పోయింది. ఎంతసేపు, ఓ పది నిమిషాలు. ఎంటనే ఇచ్చేసారు." ఆ పది నిమిషాలకి నా వారం పోయింది.

మూత తీశాను. పైన తేటగా నీళ్లు. అడుగున బూడిద రంగు బురద పేరుకుని, అందులో రాళ్లు సగానికి దిగబడి ఉన్నాయి. చెంచా కాడతో కెలికితే ఒక్కో రాయీ చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. బురదని వేళ్ల మధ్య నలిపితే గరుకు ఇంకా పదునుగానే తగిలింది, అంటే పొడి అరగనే లేదు. రాళ్లకి వచ్చిన నష్టమేమీ లేదు, కడిగి మళ్లీ తిప్పితే సరిపోయింది. కానీ ఈ పనిలో ఖర్చయ్యేది రోజులే. ఒక్కో దశకి వారం చొప్పున నాలుగు దశలు: 60/90 నంబరు సిలికాన్ కార్బైడు పొడి (నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం), తర్వాత 120/220, తర్వాత 500, చివర అల్యూమినియం ఆక్సైడుతో మెరుగు. ఏ నెలకా నెల ఎదురుచూసే పనిలో మిషనే వారం నిద్రపోతే ఇంకేం మిగులుతుంది?

లోపం ఎక్కడుందో తెలుసుకోడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. మామూలు స్విచ్ వేసి ఉంచితే వేసినట్టే ఉంటుంది, కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది. ఈ మిషనులో స్విచ్ బదులు చిప్పు ఉంది. కరెంటు పోగానే ఆ చిప్పు ఎన్ని రోజులు చెప్పాం, ఎన్ని అయ్యాయి, అన్నీ మర్చిపోతుంది. మళ్లీ ఎవరో వచ్చి నొక్కేదాకా కూర్చుంటుంది. మనం ఇంట్లోనే ఉండి వెంటనే నొక్కినా లెక్క ఏడు నుంచే మొదలు. అందుకని టైమరున్న మిషనుకి నేను గోడ క్యాలెండరు మీద పెన్సిల్‌తో రోజులు రాసుకుంటున్నాను. అంకె వేసే తెర కోసం ఎక్కువ డబ్బు పెట్టింది ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

2018లో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం వైపు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు, మాకేం కాకపోయినా భయపడి ఇన్వర్టరు కొన్నాం. దానికి తగిలిద్దామని వైరు లాగుతుంటే మా ఆవిడ చూసింది. "వేసంకాలం మనుషులకి ఫ్యాను చాలక చస్తుంటే, రాళ్లకి కరెంటు కావాలేటి?" అంది. అయినా లాగాను. కొన్నిసార్లు పనిచేసింది, కొన్నిసార్లు లేదు. లైను నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటు కూడా చిప్పుకి కరెంటు పోయినట్టే లెక్క కాబోలు. తెల్లారి లేచి చూస్తే దీపం ఆరుతూ వెలుగుతూ ఉండేది.

దీనికి విరుగుడు చెప్పింది మా వీధికి ఇంటర్నెట్ కేబుల్ చూసే కుర్రాడు. రూటరు బాగుచెయ్యడానికి వచ్చి, మిషను అడాప్టరు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "మాస్టారూ, ఇది రూటరు అడాప్టరు లాంటిదే కదేటి. పన్నెండు వోల్టులే. రూటర్లకి ఏస్తాం చూడండి బుల్లి యూపీఎస్, అది ఏసెయ్యండి, ఇంక ఆగదు." నిజమే. అరచేతిలో పట్టే డబ్బా, అడాప్టరుకీ మిషనుకీ మధ్యన తగిలించేదే. లోపల ఎప్పుడూ బ్యాటరీ కలిసే ఉంటుంది కాబట్టి రెప్పపాటు కూడా తెగదు. తగిలించిన సాయంత్రమే లైను మరమ్మతని కరెంటు తీశారు. వీధంతా చీకటి, మా పెరట్లో మాత్రం రాళ్లు గరగరమంటూనే ఉన్నాయి. ఆ పూట నాకు కలిగిన సంతోషం మొదటిసారి మెరుగొచ్చిన రాయిని చూసినప్పుడు కూడా కలగలేదంటే నమ్మండి.

రెండు మెలికలున్నాయి. వోల్టులే కాదు, అడాప్టరు మీద రాసిన ఆంపియర్లు కూడా ఆ యూపీఎస్ ఇవ్వగలగాలి. పిన్ను బయట మైనస్సా లోపల మైనస్సా అన్న బొమ్మ రెండింటి మీదా ఒకేలా ఉండాలి. రెండోది, రూటరుకి నాలుగు గంటలని డబ్బా మీద రాసింది చూసి మురిసిపోకండి. మోటారు అంతకంటే ఎక్కువ లాగుతుంది, నాకు గంటన్నరకి మించి రావడం లేదు. గాలివాన పడి స్తంభం కూలిన రాత్రి అది ఏమీ చెయ్యలేదు. మే నెలలో పగలు డబ్బా బాగా వేడెక్కుతోంది కూడా, అందుకని గుడ్డల దగ్గర పెట్టను.

చప్పుడు తక్కువని నేను మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. తక్కువే, పెరటి తలుపు వేసి, మిషను కింద పాత తలగడ పెడితే. డ్రమ్ము లోపల రబ్బరు ఉన్నా మూత ప్లాస్టిక్కు. కొత్త రాళ్లు వేసిన మొదటి రెండు రోజులు, అంచులింకా పదునుగా ఉన్నప్పుడు, పడకగదిలోకి వినబడుతుంది. మా బావ మిషనుకి డ్రమ్మంతా మందపాటి రబ్బరే, పక్కన కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఆయన దానికీ ఒక జబ్బుంది. సన్న రబ్బరు బెల్టు. అది సాగి జారడం మొదలెట్టింది, ఆనక తెగింది. కుట్టుమిషను మోటారు బెల్టు వేసి చూశాం, పట్టలేదు. అసలుది వచ్చేదాకా మిషను మూలపడింది. విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు మరొకటి చూసుకోవాలి. అమెరికా మిషన్లు 120 వోల్టులవి. మన 230 ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. వోల్టేజి దింపే ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, కాబట్టి మోటారు కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది. కరెంటు బిల్లు గురించి మాత్రం భయం వద్దు. 25 వాట్ల మోటారు 28 రోజులు ఆపకుండా తిరిగినా 17 యూనిట్ల లోపే.

ఇక రాళ్లు. పెట్టెలో ఇచ్చిన రాళ్లు పిల్లల సరదాకి పనికొస్తాయి, ఒక్క విడతతో అయిపోతాయి. నేను ఎక్కువగా వాడింది పాలకొండ వైపు నాగావళి ఒడ్డున ఏరిన పలుగురాళ్లు. రాళ్ల గట్టితనం కొలిచే మోహ్స్ లెక్కలో (పదికి) కాఠిన్యం 7, ఏటి నీళ్లు ముందే సగం గుండ్రం చేసి ఇస్తాయి కాబట్టి మొదటి దశ తేలిక. తెల్లవి, తుప్పు పట్టి పసుపు తిరిగినవి రెండూ బావుంటాయి. మెరుగొచ్చాక లోపల వెలుగు నిలిచి పటికబెల్లం ముక్కల్లా ఉంటాయి. ఒడ్డున వంగి ఏరుతుంటే దారిన పోయేవాళ్లు "రంగురాళ్లేటి మాస్టారూ?" అని అడక్కుండా ఉండరు. ఏజెన్సీ తవ్వకాల కథలు విన్న చెవులు మరి.

ఏరిన ప్రతిదీ వేసేయకూడదు. రాయిని తడిపి నీడన పెట్టండి. ఒళ్లంతా ఆరిపోయినా ఒక సన్నటి గీత మాత్రం నల్లగా తడిగా మిగిలితే అది పగులు. ఆ పగుల్లో మొదటి దశ పొడి దాక్కుని, చివరి దశలో బయటికొచ్చి మిగతా రాళ్లన్నిటి మీదా గీతలు పెడుతుంది.

మన కొండల్లో ఎక్కడ చూసినా కనిపించే ఖోండలైటు, ఖోండు గిరిజనుల పేరు మీద పిలిచే రాయి, మొదటి చూపుకి ఊరిస్తుంది. ఎర్రటి గార్నెట్ చుక్కలు ఉంటాయి మరి. డ్రమ్ములో వేస్తే గార్నెట్లు గట్టివి కాబట్టి నిలుస్తాయి, చుట్టూ ఉన్న మెత్తటి భాగం గుంటలు పడిపోతుంది. వాన తిన్న ముక్కలైతే బంకమట్టిగా మారి నీళ్లన్నిటినీ చిక్కబరుస్తాయి, మిషను ఆగినప్పుడు సిమెంటులా పట్టేది ఆ బురదే. టెక్కలి వైపు నుంచి తెచ్చిన నీలం గ్రానైటు ముక్కలు కొంత నయం, అయినా అద్దం మెరుపు రాలేదు. అభ్రకం ఉన్నచోటల్లా చిన్న చిన్న గుంటలు. చీపురుపల్లి నుంచి వచ్చిన మా మేనల్లుడు జేబులోంచి మాంగనీసు ముక్క తీసి ఎవరూ చూడకుండా డ్రమ్ములో వేశాడు. ఆ విడత రాళ్లన్నీ నల్లగా తేలాయి, డ్రమ్ము రబ్బరుకి ఆ మరక ఇప్పటికీ ఉంది.

అగేటు, అంటే చారల చారల గట్టి రాయి, కావాలంటే కొనుక్కోవడమే. అగేటు ఎక్కువగా పుట్టేది బసాల్టు, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, గుల్లల్లో. ఆ రాయి పరుచుకున్న దక్కను నుంచి వచ్చే గోదావరి, కృష్ణల గులకల్లో దొరుకుతుంది గానీ, కలహండి కొండల్లో పుట్టి వచ్చే నాగావళికి ఆ భాగ్యం లేదు. గుజరాత్ ఖంభాత్ వాళ్లు కిలోల లెక్కన అమ్ముతారు, పూసల పనికి తరతరాలుగా పేరున్న ఊరు. నేను తెప్పించిన ముక్కలు సుత్తితో కొట్టినవి, అంచులు కోసుకుపోయేలా ఉన్నాయి. వాటికి మొదటి దశ రెండు వారాలకి తక్కువ పట్టదు. మెరుగు మాత్రం పలుగురాయి కంటే ఒక మెట్టు పైనే. రెండింటి కాఠిన్యం దగ్గర దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒకే డ్రమ్ములో కలిపి వేస్తున్నాను, ముప్పాతిక వంతుకి మించకుండా, నీళ్లు పై వరస రాళ్లకి కొంచెం కిందికి.

పొడి పెట్టెలో వచ్చింది అయిపోతే కంగారు పడక్కర్లేదు. మొజాయిక్ గచ్చు పాలిష్ పట్టే మేస్త్రీని అడగండి, కార్బొరండం అంటే ఆయనకి తెలుసు, నంబర్లతో సహా. వాడేసిన బురదని సింకులో గానీ బాత్‌రూమ్ తూములో గానీ పొయ్యకండి, గొట్టంలో గడ్డకడుతుంది. మాది పెరట్లో గొయ్యిలోకి పోతుంది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పను? నేను పొద్దున వెళ్తే రాత్రికి వస్తాను, పగలు ఇంట్లో బటను నొక్కే మనిషి ఉండరు, మాకు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా కరెంటుకి నమ్మకం లేదు. అందుకని నాకైతే ఈసారి స్విచ్ లేని మోటు రకమే. ఇంట్లో పెద్దవాళ్లుండి, అటూ ఇటూ తిరుగుతూ ఒక కన్నేసి ఉంచేవాళ్లకి, విశాఖలో కరెంటు పోని అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకి నా గొడవ గొడవే కాదు. టైమరు వాళ్లకి హాయి. పిల్లాడికి కొనిచ్చేవాళ్లు కూడా టైమరుదే తీసుకోవచ్చు, ఎందుకంటే వాడు ఎలాగూ గంటకోసారి వెళ్లి చూస్తాడు. ఏది కొన్నా బెల్టులు రెండు అదనంగా ఆ పార్సిల్లోనే తెప్పించుకోండి. రాజాంలో దొరకవు, విజయనగరంలోనూ మేం అడిగిన షాపుల్లో దొరకలేదు.