ఐసీఎస్ మీటింగ్ ఆహ్వానాలు: రెండు మెయిల్ వ్యవస్థల మధ్య ఏళ్ల తరబడి వాడిన మీదట

మా హైదరాబాదు ఆఫీసు మెయిల్ ఒక వ్యవస్థలో, న్యూయార్క్‌లోని మా క్లయింట్ల మెయిల్ మరొక వ్యవస్థలో నడుస్తాయి. ఈ ఇరువైపుల వారికీ మీటింగులు కుదర్చడం ఏళ్లుగా నా పని కాబట్టి, ఆ ఆహ్వానాలను మోసుకెళ్లే ఐకాలెండర్ ఫార్మాట్ గురించి, అంటే ఐసీఎస్ ఫైలు గురించి, రోజూ వాడే వ్యక్తిగా ఈ సమీక్ష రాస్తున్నాను. నేను చూసినంతలో ఫార్మాట్ గట్టిదే. చిక్కులు ఎక్కువగా దాన్ని దారిలో మార్చే సర్వర్ల దగ్గర, అరకొరగా చదివే ప్రోగ్రాముల దగ్గర పుడుతున్నాయి.

1998లో వెలువడి, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5545 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా కొత్తరూపు పొందిన ఈ ప్రమాణంలో ఆహ్వానమంటే మామూలు అక్షరాల ఫైలే. ఉమ్మడి క్యాలెండర్ అంటూ ఎక్కడా ఉండదు. పిలిచినవారి దగ్గర ఒక ప్రతి, పిలుపు అందుకున్న ప్రతి ఒక్కరి దగ్గర మరో ప్రతి ఉంటాయి, వాటి మధ్య సంబంధం మెయిల్ ఒక్కటే. ఇది ఏ మీటింగో ఫైలులోని యూఐడీ అనే గుర్తింపు కోడ్ చెబుతుంది, ఏ మార్పు తాజాదో సీక్వెన్స్ అంకె చెబుతుంది. పాత మీటింగును తీసేసి కొత్తది పంపితే యూఐడీ మారిపోతుంది, రద్దు మెయిల్ అందనివారి క్యాలెండర్‌లో రెండూ మిగిలిపోతాయి. అందుకే పాతదాన్నే తెరిచి టైం మార్చమని మావాళ్ల దగ్గర పట్టుబడతాను.

ఆహ్వానం చేరినా అంగీకరించే బటన్లు కనబడకపోతే, ముందుగా మెయిల్ సోర్స్, అంటే మెయిల్ ముడి రూపం, తెరిచి చూడాలి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో కంట్రోల్, యూ కలిపి నొక్కితే అది కనిపిస్తుంది. అందులో టెక్స్ట్/క్యాలెండర్ అనే భాగం పక్కన మెథడ్=రిక్వెస్ట్ అని ఉండాలి. మా దగ్గర బయటికి వెళ్లే ప్రతి మెయిల్ కిందా కంపెనీ గమనిక అతికించే గేట్‌వే సర్వర్ ఒకటి ఆ మాటను చెరిపేయడంతో, అవతలివారికి ఆహ్వానం ఉత్త అటాచ్‌మెంటుగా చేరేది. ఆహ్వానాలకు ఆ గమనిక అతికించకుండా అడ్మిన్ చేత నియమం పెట్టించాకే బటన్లు తిరిగి వచ్చాయి. విన్‌మెయిల్.డాట్ అనే ఫైలు వస్తే మాత్రం కారణం వేరు: పంపినవైపు ఔట్‌లుక్ మెయిల్ ప్రోగ్రాము తన సొంత రిచ్ టెక్స్ట్ రూపం వాడుతోందని అర్థం. బయటి డొమైన్లకు ఆ రూపం వెళ్లకుండా ఆపవలసింది పంపేవైపు అడ్మినే.

టైం విషయం అన్నిటికంటే ఎక్కువ ఓపిక అడుగుతుంది. న్యూయార్క్‌లో ఉదయం 11 గంటల మీటింగు వేసవిలో మనకు రాత్రి 8:30కి, నవంబరు మొదటి ఆదివారం నుంచి 9:30కి పడుతుంది. ఆహ్వానాన్ని ఆసియా/కోల్‌కతా టైం జోన్‌లో తయారుచేస్తే మన గడియారం స్థిరంగా ఉంటుంది, గంట జరిగేది వాళ్ల వైపు. కనుక ఎవరి టైం మారకూడదో ముందే మాట్లాడుకుని, ఆ జోన్‌లోనే వరుస మీటింగులు తయారుచేయడం మంచిది.

తెలుగులో శీర్షిక పెట్టేవారికి మరో మాట. ఈ ఫైలులో ఒక్కో వరుస 75 బైట్లు మించకూడదు, మించితే విరిచి కింది వరుసలో కొనసాగించాలి. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్ పద్ధతిలో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తీసుకుంటాయి కాబట్టి మన శీర్షికలు త్వరగా ఆ హద్దు చేరతాయి. బైట్ల మధ్యలో విరిగిన అక్షరాన్ని తిరిగి అతకడం తెలియని ప్రోగ్రాములో అక్కడ ప్రశ్నార్థకాలు కనబడతాయి. రెండు మూడు చిన్న మాటలతో శీర్షిక పెడితే ఈ బెడద ఉండదు.

వరుస మీటింగుల్లో ఒక్కరోజు టైం మార్చడం దగ్గర మాత్రం నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఆ ఒక్క రోజును గుర్తించే రికరెన్స్-ఐడీని కొన్ని ప్రోగ్రాములు సరిగా పట్టించుకోకపోవడం వల్ల, మార్పు మొత్తం వరుసకు అంటుకోవడమో, అసలు అంటకపోవడమో జరుగుతుంది. అలాంటి మార్పు పంపిన ప్రతిసారీ అవతలివైపు ఒకరికి ఫోన్ చేసి, వారి క్యాలెండర్‌లో ఏ టైం కనబడుతోందో చదివి చెప్పమని అడుగుతున్నాను.