జిమ్మా, ఫుట్‌బాలా? మినియాపొలిస్ సోమాలీ మగవాళ్లకు ఏది నయం

1991లో సోమాలియాలో అంతర్యుద్ధం ముదిరాక దేశం వదిలి అమెరికాలోని మినియాపొలిస్ చేరిన సోమాలీ మగవాళ్లలో ట్యాక్సీలు, ట్రక్కులు నడిపేవాళ్లు చాలామందే. రోజంతా స్టీరింగ్ ముందు కూర్చుంటే ఒళ్లు కదిలేదెప్పుడు? జిమ్‌లో సుఖమేంటంటే, జనవరిలో మైనస్ 20 డిగ్రీల చలి పడినా ట్రెడ్‌మిల్ ఆగదు. కానీ నెలనెలా ఫీజు, సోమాలియాలో ఉన్న అమ్మానాన్నలకు డబ్బు పంపాల్సినవాడికి అది బరువే. ఫుట్‌బాల్ అలా కాదు: చిన్నప్పటినుంచీ తెలిసిన ఆట, రాకపోతే దోస్తులు ఫోన్ చేసి మరీ లాక్కొస్తారు, వేసవిలో అసర్ (సాయంత్రపు) నమాజు అయ్యాక మొదలుపెట్టి మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) వేళకు ముగించొచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకైతే నడకే మేలు. నా ఓటు ఫుట్‌బాల్‌కే, చలికాలం మాత్రం ఇండోర్ హాల్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) చెప్పే వారానికి 150 నిమిషాల వ్యాయామం రెండు మూడు ఆటల్లోనే తీరిపోతుంది.