డేటా వాడకాన్ని బట్టి ఛార్జీ వేసే దుకాణం సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? జాగ్రత్త

అప్పు ఖాతాలు రాసుకునే వ్యాపారులు, ముఖ్యంగా విత్తనాలు, ఎరువుల దుకాణాలవారు, బ్రౌజర్‌లో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఇది చదవండి. నెల అద్దెతో పాటు “డేటా వాడకాన్ని బట్టి అదనపు ఛార్జీ” అన్న వాక్యం ఒప్పందంలో కనిపిస్తే రెండుసార్లు చదవండి. నేను ఒక్కసారి కూడా చదవకుండానే సంతకం పెట్టాను.

కర్నూలులో మార్కెట్ యార్డు వైపు మాదొక చిన్న దుకాణం. కోడుమూరు, గూడూరు, పత్తికొండ వైపు రైతులు ఖరీఫ్‌కు విత్తనం అప్పుగా తీసుకుపోయి, పంట అమ్మాక కడతారు. అలాంటి ఖాతాలు 2,600 ఉన్నాయి. ప్రతి ఖాతాకూ పట్టాదారు పాసుపుస్తకం మొదటి పేజీ కూడా ఉంచుకుంటాం. ఇదివరకు జిరాక్స్ కాగితం, ఇప్పుడు ఫొటో.

సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవారు 30 మంది రైతుల పేర్లు ఎక్కించి చూపించారు. బాకీల జాబితా తెరిచి “రా” అని కొట్టగానే రామాంజనేయులు, రాజశేఖర్, రాములమ్మ వరుసగా వచ్చి నిలబడ్డారు. “చూశారా సార్, ఎంత వేగమో!” అన్నారు. ముచ్చటపడి ఏడాది అద్దె ఒకేసారి కట్టేశాను. నెలకు 1,500 రూపాయల చొప్పున. 10 జీబీ దాకా వాడకం అందులోనే, ఆపైన జీబీకి 120.

జూన్ మొత్తం దుకాణం కిటకిటలాడింది. జులై మొదట్లో బిల్లు వచ్చింది: వాడకం 33 జీబీ, అదనంగా 2,760 రూపాయలు. పైగా జాబితా తెరవాలంటే అర నిమిషం పైనే తెర తెల్లగా ఉండిపోతోంది. కౌంటరు ముందు నిలబడ్డ రైతు “పాత పుస్తకమే నయం కదయ్యా” అంటే నా దగ్గర సమాధానం లేదు.

అసలు విడ్డూరం ఏమిటంటే, వాళ్ల తెరలోనే ఒక మూల “మీ డేటా మొత్తం: 29 ఎంబీ” అని రాసి ఉంది. 29 ఎంబీ ఉన్న పెట్టెలోంచి నెలకు 33 జీబీ ఎలా బయటికి వస్తుంది? ఫోన్ చేసి అడిగితే ఇలా చెప్పారు: “మీరు పేర్లూ ఊర్లూ తెలుగులో ఎక్కించారు సార్. తెలుగు మూడింతలు తింటుంది. ఇంగ్లీషులోకి మార్చుకోండి.”

నిజం చెప్పొద్దూ, నమ్మాను. గుమాస్తాను కూర్చోబెట్టి ఓ యాభై పేర్లు ఇంగ్లీషులోకి మార్పించాను కూడా. అంతలో సెలవులకు వచ్చిన మా మేనకోడలు ఆ పని చూసి, “ఆగు మామయ్యా, ముందు కొలిచి చూద్దాం” అంది. ఇంజినీరింగ్ చదువుతోంది. ఆ సాయంత్రం నాకు పాఠం చెప్పింది.

వాళ్లు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. కోడుమూరు అన్న పేరు కంటికి నాలుగక్షరాలే. కంప్యూటర్ మాత్రం క, ఓత్వం, డ, కొమ్ము, మ, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము అని ఎనిమిది గుర్తులుగా చూస్తుంది. అంటే 24 బైట్లు. మా ఖాతాలు దాచి ఉంచే డేటాబేస్ పేరు మైఎస్‌క్యూఎల్. దాన్ని “క్యార్ లెంగ్త్” అని అడిగితే 8 అంటుంది, “లెంగ్త్” అని అడిగితే 24 అంటుంది; ఒకటి గుర్తుల లెక్క, రెండోది బైట్ల లెక్క. దీనిమీద ఇంకో బరువు కూడా ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ రాసిన పీహెచ్‌పీ అనే భాష ఈ వివరాలను బ్రౌజర్‌కు పంపడానికి జేసన్ అనే పాఠం రూపంలోకి మార్చేటప్పుడు, వద్దని ప్రత్యేకంగా చెప్పకపోతే, ఒక్కో తెలుగు గుర్తునూ ఆరు అక్షరాల సంకేతంగా రాస్తుంది. అప్పుడు కోడుమూరు 48 బైట్లు. మా సాఫ్ట్‌వేర్ ఆ పనీ చేస్తోందని తేలింది.

సరే, అంత అధ్వానంగానే లెక్కేద్దాం. పేరు, తండ్రి పేరు, ఊరు కలిపి రైతుకు 60 గుర్తులు. 60 ఆర్లు 360. దాన్ని 2,600 పెట్టి గుణిస్తే 9,36,000 బైట్లు. ఒక ఎంబీ (పది లక్షల బైట్లు) కూడా కాదు! తప్పు ఎక్కడో ఉంటే నింద మన భాష మీద పడింది. నాకు కోపం వచ్చింది బిల్లు చూసినప్పుడు కాదు, ఈ లెక్క చూసినప్పుడు.

తరువాత మేనకోడలు బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అన్న భాగం తెరిచి, బాకీల జాబితా పేజీని మళ్లీ తెరిచింది. అక్కడ వచ్చిన ప్రతి జవాబు సైజూ కనిపిస్తుంది. ఒకే ఒక్క జవాబు 32 ఎంబీ. తెర మీద కనిపించేది 20 పేర్లు. వచ్చింది మాత్రం 2,600 మంది వివరాలు, ఫొటోలతో సహా. క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, ఏ కాలమ్‌లు కావాలో చెప్పకుండా “సెలెక్ట్ స్టార్” అని అన్నీ లాగేశారు. ఫొటో ఒక్కొక్కటి సగటున 9 కేబీ, అన్నీ కలిపి 23 ఎంబీ పైచిలుకు. వాటిని జేసన్‌లో ఇమడ్చడానికి బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారుస్తారట. దానితో మూడో వంతు పెరిగి 31 ఎంబీ అయ్యాయి. రోజుకు 40 సార్లు జాబితా తెరిస్తే 1,280 ఎంబీ, 25 పనిదినాలకు 32 జీబీ. బిల్లు లెక్క సరిపోయింది.

డెమోలో నన్ను మురిపించిన వేగం గుట్టు కూడా అప్పుడే బయటపడింది. వెతకడం సర్వర్‌లో, అంటే అమ్మినవారి వైపు కంప్యూటర్‌లో, జరగడం లేదు. రైతులందరినీ ముందే మా కంప్యూటర్‌లోకి దింపేసి, ఇక్కడే ఏరుతోంది. 30 మందికి అది చిటికెలో పని. మీరూ పరీక్షించవచ్చు: జాబితా తెరిచాక ఇంటర్నెట్ తీగ పీకేసి, తెర మీద కనిపించని ఒక పేరు వెతకండి. దొరికిందంటే జాబితా అంతా మీ దగ్గరికి దిగిపోయినట్టే. నెట్ లేకపోయినా పనిచేసేలా కావాలనే అలా కట్టేవారూ ఉంటారు, కానీ వారు ప్రతిసారీ మొత్తం మళ్లీ దింపరు, దానికి జీబీ లెక్కన డబ్బు అడగరు.

నెట్‌వర్క్ భాగంలో రెండు అంకెలు ఉంటాయి: తీగ మీద ప్రయాణించినది ఒకటి, విప్పాక అయ్యేది ఇంకొకటి. సర్వర్ కుదించి పంపితే మొదటిది చిన్నగా ఉండాలి. మాకు రెండూ దాదాపు ఒకటే, అంటే జీజిప్ అనే కుదింపు పద్ధతి పెట్టనే లేదు. ఫొటోలను అది పెద్దగా తగ్గించలేదు గానీ, బేస్64 వల్ల పెరిగిన బరువును చాలావరకు దించుతుంది.

ఆమె చెప్పినట్టే అమ్మినవారిని ఇంకోటి అడిగాను: జాబితా తెరవకముందు, తెరిచాక మైఎస్‌క్యూఎల్‌లో “బైట్స్ సెంట్” (అది బయటికి పంపిన బైట్లు) లెక్క ఎంత ఉందో చెప్పండి అని. తేడా 24 ఎంబీ అన్నారు. చూడండి, డేటాబేస్ టేబుళ్లలో ఉన్నది 29, ఈ క్వెరీ ఫలితం 24, మా దగ్గరికి చేరింది 32. ఒకదాన్ని చూసి ఇంకోటి ఊహించలేం. టేబుల్‌లో 5 బైట్లలో ఇమిడే తేదీ, సమయం కూడా ఫలితంలో సాధారణంగా 19 అక్షరాల పాఠంగా బయటికి వస్తుంది. కాబట్టి ఒప్పందంలో “డేటా” అని ఊరికే రాస్తే ఒప్పుకోకండి. ఎక్కడ కొలుస్తారు, కుదింపుకు ముందా తరువాతా, ఇవి రాతలో ఉండాలి. డబ్బు కట్టకముందే మీ సొంత ఖాతాలన్నీ, ఫొటోలతో సహా, ఎక్కించి చూపించమనండి. ఎఫ్12 మీరే నొక్కండి.

నాలుగు ఫోన్లు, ఒక గట్టి ఉత్తరం తరువాత సరిచేశారు. ఇప్పుడు జాబితా 20 మందిని మాత్రమే తెస్తుంది. ఫొటో ఆ రైతు పేరు నొక్కితేనే వస్తుంది. 32 ఎంబీ జవాబు 14 కేబీకి దిగింది. వాళ్లు చేసిన పని ఒక పూట కూడా పట్టలేదట.

2,760 రూపాయలు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. “వాడకం వాడకమే కదా సార్” అన్నారు. ఏడాది పూర్తయ్యాక మారిపోదామని మా ఖాతాల వివరాలన్నీ ఫైలుగా అడిగితే, ప్రింటు తీసుకునే పీడీఎఫ్ పంపారు. ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలు కావాలని మళ్లీ రాశాను, ఇంకా రాలేదు. గుమాస్తా ఇంగ్లీషులోకి మార్చిన ఆ యాభై పేర్లనూ తిరిగి తెలుగులోకి మారుస్తున్నాడు.