గ్లూకోమీటరా, చేతికి అంటించే సెన్సరా?

షుగర్ ఉన్న ఇళ్లలో ఈ ప్రశ్న ఇప్పుడు తరచూ వస్తోంది.

ఖర్చు: మీటర్‌కు పరీక్ష చేసినప్పుడల్లా ఒక స్ట్రిప్పు. సీజీఎం (షుగర్‌ను ఆగకుండా కొలుస్తూ ఉండే) సెన్సర్ వేల రూపాయల్లో ఉంటుంది, చాలావాటిని 10 నుంచి 15 రోజులకోసారి మార్చాలి.

శ్రమ: మీటర్‌తో ప్రతిసారీ వేలికి పోటు. సెన్సర్‌ను జబ్బకు ఒకసారి అంటిస్తే ఫోన్‌లో గ్రాఫ్ వస్తూనే ఉంటుంది.

తెలిసేది: అసలు తేడా ఇక్కడే. మీటర్ ఆ క్షణపు అంకె చెబుతుంది. సెన్సర్ అది పెరుగుతోందా, పడిపోతోందా కూడా చెబుతుంది. ప్లేటు నిండా పులిహోర తిన్నాక గీత ఎలా లేస్తుందో కళ్లారా చూసినవాళ్లు మర్నాడు వడ్డించుకునేటప్పుడే చెయ్యి ఆపుతారు. నిద్రలో షుగర్ పడిపోతే అలారం మోగించే రకాలూ ఉన్నాయి. ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇది ప్రాణాలు నిలిపే సాయం.

రిస్క్: సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. అందుకే అంకె కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఆ చేతిమీద ఒత్తిగిలి పడుకుంటే తప్పుగా తక్కువ చూపొచ్చు. ఒంట్లో తేడాగా ఉండి అంకె మామూలుగా కనిపిస్తే వేలి పరీక్షే చేయండి. మీటర్‌ను మాత్రం పారేయొద్దు.

టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని షుగర్) ఉన్న పిల్లలకు, రోజూ పలుమార్లు ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు సెన్సరే మేలు. మాత్రలతో అదుపులో ఉన్నవాళ్లకు మీటర్ చాలు. మందు మార్చినప్పుడు డాక్టర్‌ను అడిగి ఒక సెన్సర్ పెట్టించుకోవచ్చు.